క్షయ క్రిమికి మైనపు కవచం

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల సంగతి కార్యదర్శిగారు చెప్పారు. ఇందాక ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. "అయ్యా, గేదె దగ్గుతూ చిక్కిపోతోంది. మనుషులకిచ్చే క్షయ మాత్రలే నూరి దాణాలో కలిపితే పోదా?" అన్నారాయన. నేను పశువైద్యుణ్ణి కాను. చదివినదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ మనవి చేస్తాను.

పశువుల క్షయ క్రిమి, మనుషుల క్షయ క్రిమి దగ్గర చుట్టాలు. రెండింటి ఒంటి చుట్టూ మైనంలాంటి కొవ్వు గోడ ఉంటుంది. ఆ కొవ్వులను మైకోలిక్ ఆమ్లాలంటారు. దాని కింద చక్కెర గొలుసుల పొర, ఆ లోపల మరో గట్టి వల. తామరాకు మీద నీళ్లలాగా మన సోడా నీళ్లు దానిమీంచి జారిపోతాయి. తెమడ పరీక్షలో ఇతర క్రిములను చంపడానికి కాస్టిక్ సోడా కలుపుతారు. క్షయ క్రిమి దానికీ చాలావరకు తట్టుకుంటుంది. రంగు కూడా దీనికి ఓ పట్టాన పట్టదు, పట్టిందంటే ఆసిడ్ పోసినా వదలదు. 1882లో రాబర్ట్ కాక్ దీన్ని కనిపెట్టడానికి అంత శ్రమ పడింది ఊరికే కాదు.

మరి మందులేం చేస్తాయి? 1952లో వాడకంలోకి వచ్చిన ఐసోనియజిడ్ ఉన్న గోడను పగలగొట్టదు. కొత్త గోడకు కావలసిన కొవ్వు తయారు కానివ్వదు. ఇథాంబుటాల్ చక్కెర గొలుసులను అల్లనివ్వదు. మేస్త్రీకి ఇటుకా సున్నమూ అందకుండా చేయడమన్నమాట. క్రిమి పెరిగి రెండయ్యే వేళకు గోడ నీరసించి చస్తుంది. అయితే మామూలు క్రిములు కొన్ని 20 నిమిషాలకే రెండవుతాయి. దీనికి 20 గంటల దాకా పడుతుంది. కొన్ని పెరగకుండా నిద్రపోతాయి. మనిషికి సాధారణంగా ఆరు నెలలు, నాలుగు రకాల మందులతో మొదలుపెట్టి వాడవలసి రావడం అందుకే.

ఆ నాలుగింటిలో పైరజినమైడ్ పశువుల క్రిమి మీద అసలు పనిచేయదు. తోచినన్ని మాత్రలు పది రోజులు పెట్టి మానేస్తే లొంగేవి చచ్చి, మొండివి మిగులుతాయి. మందు పాలలోకీ దిగుతుంది. రేపు ఆ మొండి క్రిమే ఇంట్లో పిల్లవాడికి సోకితే ఆస్పత్రి మాత్రలకు లొంగకపోవచ్చు. గేదె పోతే ఇల్లు గడవదన్న మాట నిజమే, కాదనను. అయినా మాత్రలు పెట్టవద్దు.

ఇంత మొండి క్రిమీ వేడికి నిలవదు. 63 డిగ్రీల వద్ద అరగంట, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు కాచి డెయిరీలో పాలను శుద్ధి చేస్తారు. ఇంట్లో పొంగు వచ్చేలా కాచితే చాలు. గుమ్మపాలు బలమని పిల్లలకు పట్టే అలవాటు మాత్రం మానాలి. పచ్చిపాలు తోడు పెడితే పులుపుకు చస్తుందనీ నమ్మవద్దు.

కొట్టంలో ముందు పేడ ఎత్తి, కడిగి, ఆ తరువాతే బ్లీచింగ్ నీళ్లు చల్లండి. పేడ ఉంటే మందు బలమంతా పేడే తినేస్తుంది. ఫినాల్ ఈ గోడను చీల్చగలదు గాని చర్మాన్ని కాలుస్తుంది, పాల క్యాన్ల దగ్గరకు రానివ్వకండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు రేపే పశువైద్యుణ్ణి పిలిపించాలి. మెడ చర్మంలో ట్యూబర్‌క్యులిన్ సూది వేసి, 72 గంటలకు వాపు కొలుస్తారు. అది తేలేవరకు గేదెను వేరుగా కట్టండి, సంతకు తోలవద్దు, ఆ పాలు కేంద్రంలో పోయవద్దు. దూడకు వేరే గేదె పాలు కాచి, చల్లార్చి పట్టండి.