'బై'కి తెలుగేమిటి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజినీరును కాబట్టి యంత్రాల గురించి చెబుతాననుకుని ఉంటారు. నేను 'బై' అనే చిన్న ఇంగ్లిష్ మాట గురించి చెబుతాను. యంత్రాల దగ్గర దానితో చాలా పని ఉంది.

తెలుగు మీడియంలో మనం 'బై' అంటే 'చేత' అని నేర్చుకున్నాం. రాముని చేత రావణుడు చంపబడెను. అక్కడికి సరిపోయింది. కానీ 'బై బస్' వచ్చిన చుట్టాన్ని 'బస్సు చేత వచ్చాడు' అనం, బస్సులో వచ్చాడంటాం. హోటల్లో వన్ బై టూ టీ అడిగితే 'బై' భాగిస్తుంది. పది బై పన్నెండు అడుగుల గది అంటే అదే 'బై' గుణిస్తుంది, 120 చదరపు అడుగులు!

ఇక మా పనిలోకి వద్దాం. పైపులో పీడనం 50 బార్లు ఉందనుకోండి. 'రిడ్యూస్ బై 20' అంటే 20 తగ్గించాలి, 30 మిగులుతుంది. 'రిడ్యూస్ టు 20' అంటే 20కి తగ్గించాలి. తెలుగులో ఆ తేడా అంతా ఒక్క 'కి'లో ఉంది. కూరగాయల బేరంలో 'పది తగ్గించు' అనడానికీ 'పదికి తగ్గించు' అనడానికీ తేడా తెలియనివారు మనలో ఎవరున్నారు?

గడువు దగ్గర మరీ జాగ్రత్త కావాలి. 'బై ఫ్రైడే' పంపు ఆపమంటే శుక్రవారం కల్లా ఆపాలని. అంటే ఈ రోజు అది తిరుగుతూ ఉండవచ్చు. 'అన్‌టిల్ ఫ్రైడే' ఆపి ఉంచమంటే శుక్రవారం దాకా తిప్పకూడదని. మొదటి మాటను రెండోదిగా అర్థం చేసుకున్నవాడు, పంపు ఆగే ఉందనుకుని మరమ్మతుకు చెయ్యి పెడతాడు. అందుకే స్విచ్‌కు తాళం వేసి, చీటీ కట్టాకే పని మొదలుపెట్టాలనే నియమం ఉంది. ఆ చీటీ మీది మాట కూడా సరిగ్గా ఉండాలి కదా!

ఉపాధ్యాయులకు నాదొక మనవి. ఒక్కో ప్రిపొజిషన్‌కు ఒక్కో తెలుగు మాట బట్టీ పట్టించకండి. వాక్యం ఇచ్చి, 'దీన్ని మీ ఇంట్లో ఎలా అంటారు?' అని అడగండి. 'కల్లా', 'దాకా', 'కి' పిల్లల నోట వాటంతటవే వస్తాయి.

పిల్లలూ, తెలుగు మీడియం అని జంకకండి. ఈ తేడాలు మీకు తెలిసినవే. ఇంగ్లిష్‌లో వాటి పేర్లు నేర్చుకోవడమే మిగిలింది.

సెలవు.