ఇంజనీరింగు సదస్సులో మన పెద్దల మాట



పాటలు, కోలాటాలు సాగే ఈ వేదికమీద యంత్రాల ప్రసంగం ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. అయితే మారిషస్‌లో మన తెలుగువారి కథ చెరకు తోటలోను, చక్కెర మిల్లులోను మొదలైనదే కదా! కోరంగి రేవు పేరుమీదనే మన ముత్తాతలను ఈ దీవిలో కోరంగీలు అని పిలిచారు. వారు చెరకు నరికారు, బండ్లకెత్తారు, బాయిలరు మంటల ముందు నిలబడ్డారు. ఆ బాయిలరును గురించి నేడు మన మనుమలు చదువుతున్నారు.

రెద్వీలో మన విశ్వవిద్యాలయం 1965లో ఏర్పడింది. అక్కడి మెకానికల్ ఇంజనీరింగు శాఖలో విద్యార్థులు తాము చేసిన పనిని నలుగురి ముందు వివరించే సదస్సులు జరుగుతాయి. ఒకరు కాసేపు చెబుతారు, తక్కినవారు ప్రశ్నలు వేస్తారు. చెప్పినదానికంటె అడిగినదానివల్లనే ఎక్కువ లాభం. తన లెక్కలో లోపమెక్కడున్నదో చెప్పేవానికి తెలిసివచ్చేది అప్పుడే.

అటువంటి సదస్సుకు ఒకసారి మేము నాలుగు కుటుంబాలవారము వెళ్ళాము. మాట్లాడేది మనవాడే. వాని తాతగారు కూడ వచ్చారు. ఆయన ముప్పయి ఏండ్లు మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసినవారు. ఆ మిల్లు మూతబడి చాలా కాలమైంది. "తాతా, అక్కడ అందరూ చదువుకున్నవాళ్ళు, నువ్వు ఊరికే విను" అని కుర్రవాడు దారిలోనే చెప్పాడు. వానిని తప్పుపట్టలేము. మాకూ లోలోపల ఆ బెరుకే ఉండి, వెనుక వరుసలో ఒక మూల కూర్చున్నాము.

కుర్రవాడు చెప్పినది చెరకు పిప్పితో కరెంటు తీయడం గురించి. టన్ను చెరకు ఆడితే సుమారు 300 కిలోల పిప్పి వస్తుంది. దానిని మండించి నీటిని ఆవిరిచేసి, ఆ ఆవిరితో టర్బైను తిప్పుతారు. మిల్లు తన అవసరం తీరగా మిగిలిన కరెంటును ఊరికి ఇస్తుంది. మన దీవిలో సెయింట్ ఆంత్వాన్ మిల్లు 1957లోనే ఇలా ఇచ్చింది. 2000లో బెల్ వ్యూలో ప్రారంభమైన కేంద్రంలో 82 బార్ల పీడనంతో పనిచేసే బాయిలర్లు పెట్టారు. ఆవిరి పీడనము, వేడిమి ఎంత ఎక్కువైతే అదే పిప్పినుంచి అంత ఎక్కువ కరెంటు వస్తుంది. ఇదంతా వాడు పటాలు గీసి చక్కగా వివరించాడు.

ప్రశ్నలవేళ తాతగారు లేచి నిలబడ్డారు. మా గుండెలు దడదడలాడాయి. ఆయన క్రియోల్‌లో అడిగినది ఇదీ: "బాబూ, నీ లెక్కలో పిప్పి తడి ఎప్పుడూ సగమే అని వేశావు. వానలో తడిసిన కుప్ప సంగతేమిటి? రోలర్లు అరిగి సరిగా పిండనినాడు ఏమవుతుంది?"

కుర్రవానికి జవాబు తోచలేదు. ఆచార్యులవారు తాతగారినే ముందుకు పిలిచి, తడి ఎలా తెలుసుకొనేవారని అడిగారు. ఆయన గుప్పిట బిగించి చూపారు. "పిప్పిని ఇలా పిండితే అరచేతికి చెమ్మ ఎంత అంటుతుందో చూసేవాళ్ళం. తడి ఎక్కువైతే మంట మందగించేది, ఆవిరి ముల్లు దిగిపోయేది. అప్పుడు ఎండిన కుప్పనుంచి తెచ్చి కలిపేవాళ్ళం" అన్నారు.

అందులో శాస్త్రమున్నది. 300 కిలోల పిప్పిలో సగం తడి అంటే 150 కిలోల నీరు. ఆ నీరు ఆవిరి కావడానికి మంటలోని వేడే ఖర్చవుతుంది. ఆ ఆవిరి టర్బైను దగ్గరకు పోదు, పొగగొట్టంలోనుంచి వృథాగా పోతుంది. తాతగారి అరచేయి కొలిచినది ఈ నష్టాన్నే. ఆ తర్వాత కుర్రవాడు తడి మారుతుంటే ఫలితం ఎలా మారుతుందో మళ్ళీ లెక్కకట్టాడు. ఇంటికి వచ్చేటప్పుడు తాతగారి పక్కనే కూర్చుని, దారి పొడవునా ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు.

పందొమ్మిదవ శతాబ్దం నడుమ ఈ దీవిలో రెండు వందలకు పైగా ఉన్న మిల్లులు ఇప్పుడు వేళ్ళమీద లెక్కించదగినన్నే. మిల్లు మూతబడితే యంత్రాలను పాత ఇనుముగా అమ్ముతారు. అందులో పనిచేసినవారి అనుభవం ఎక్కడికి పోతుంది? వారితోపాటే పోతుంది. మన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

కనుక మా మనవి ఇది. పిల్లలు సదస్సులో మాట్లాడేనాడు, శాఖవారి అనుమతి అడిగి, ఇంటిల్లిపాదీ వెళ్ళండి. ఇంగ్లీషు రాదని పెద్దలను ఇంట్లో ఉంచి వెళ్ళకండి. తెలుగులోనో, క్రియోల్‌లోనో వారు అడిగినదానిని పిల్లలే ఇంగ్లీషులో చెప్పగలరు. మిల్లులో పనిచేసిన తాతలు, నాయనలు ఉన్న ఇళ్ళలో వారి మాటలను పిల్లలు ఈ సంవత్సరమే రాసిపెట్టుకోవాలి. చిన్నారులారా, మీరు మీ తాతను "ఊరికే విను" అనకండి. "నువ్వూ అడుగు తాతా" అనండి.