వకీలు గారి చదువు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువంటే ప్రాణం పెట్టిన ఒక మనిషి గురించి మాట్లాడమని సంఘం పెద్దలు నన్ను అడిగారు. ఇంజనీరు కాబట్టి ఏ విశ్వేశ్వరయ్య గారి గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నేను చెప్పబోయేది బెజవాడలో వకీలుగా పనిచేసిన దిగవల్లి వేంకట శివరావు గారి గురించి. ఆయన 1898లో పుట్టి 1992లో కన్నుమూశారు. ఆయన్ని నేను చూడలేదు. ఆయన పుస్తకాలతోనే నాకు పరిచయం.

వకాలతు ఆయనకు జీవనాధారం. చరిత్ర ఆయన ఇష్టం. చరిత్రలో పట్టా కోసం కాదు, ఉద్యోగం కోసం కాదు. కోర్టు పని చూసుకుంటూనే పాత రికార్డులు, పాత పుస్తకాలు వెతికి చదివి, తెలుసుకున్నది తెలుగులో రాసేవారు. కంపెనీ వాళ్ళ కాలం నాటి సంగతులను ‘కథలు-గాథలు’ పేరుతో మామూలు పాఠకులకు అందేలా చెప్పారు.

ఆయన పనుల్లో రెండింటిని మీ ముందుంచుతాను.

మొదటిది 1934లో వచ్చిన ‘పారిభాషిక పదకోశము’. ఇంగ్లీషు శాస్త్ర పదాలకు తెలుగు మాటలు కూర్చిన పుస్తకం అది. మనం ఈ బడిలో త్వరణం, జడత్వం, ఘర్షణ, నిరోధం అని చదువుకున్నాం. ఆ మాటలు పుస్తకాల్లోకి వాటంతట అవి రాలేదు. ఎందరో కూర్చుని, ఒక్కొక్క మాటా వెతికి, నచ్చకపోతే మార్చి, మనకు సిద్ధం చేసి పెట్టారు. ఆ తొలితరం వాళ్ళలో ఒక వకీలు ఉన్నారంటే ఇంజనీరుగా నాకు ఆశ్చర్యం, గౌరవం రెండూ కలుగుతాయి.

రెండోది ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’. వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో దాదాపు వందమంది పరివారంతో బయలుదేరి, తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ వెళ్ళారు. గయ, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిలో చూసిన ఊళ్ళు, బాటలు, నీటి వసతి, ఆచారాలు అన్నీ రాసుకున్నారు. ఆయన పోయాక 1838లో అది పుస్తకంగా వచ్చింది. వందేళ్ళు గడిచేసరికి ప్రతులు దొరకడం కష్టమైంది. అందులోని పాత మాటలు కొత్త తరానికి అర్థం కాని స్థితి వచ్చింది. అప్పుడు, 1941లో, శివరావు గారు దానికి పీఠిక, వివరణలు జోడించి మళ్ళీ అచ్చువేయించారు. ఈ రోజు మనం ఆ యాత్రను ఇంత సుఖంగా చదవగలుగుతున్నామంటే అందులో ఆయన పాలు చాలా ఉంది.

ఈ పనిలో నాకు వకీలు కనిపిస్తాడు. సాక్ష్యం లేకుండా మాట్లాడకూడదు, కాగితం పోనివ్వకూడదు, ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పాలి. కోర్టు నేర్పిన ఈ మూడు అలవాట్లనూ ఆయన చదువులోకి తెచ్చుకున్నారు. మనలో ప్రతి ఒక్కరికీ వృత్తి ఏదో ఒక అలవాటు నేర్పే ఉంటుంది. బ్యాంకులో పనిచేసినవారికి లెక్క సరిచూడటం తెలుసు. నర్సుగా చేసినవారికి రోజూ వివరాలు రాసిపెట్టడం తెలుసు. మాకు కొలతలు తెలుసు. ఉద్యోగం అయిపోయిన రోజున ఆ అలవాటును కూడా ఆఫీసులోనే వదిలేసి రావాలా?

మా బ్యాచ్‌లో చాలామందికి రిటైర్మెంటు దగ్గరపడింది. మీ ముందున్న బ్యాచ్‌ల వారు ఇప్పటికే ఇంట్లో ఉన్నారు. అందుకే ఒక చిన్న ప్రతిపాదన. మన ఇళ్ళలో బడి గ్రూపు ఫోటోలు ఉన్నాయి. చాలావాటి వెనక పేర్లు లేవు. ఆ పేర్లు చెప్పగలిగిన గురువులు ఈ రోజు మొదటి వరుసలో కూర్చున్నారు. వారిలో కొందరికి ఎనభై దాటింది. ఈ పని వచ్చే ఉత్సవం దాకా ఆగదు. నెలకు రెండు ఆదివారాలు ఇక్కడ కూర్చుందాం. ఫోటోలు, పాత వార్షిక సంచికలు, గురువుల జ్ఞాపకాలు ఒకచోట చేర్చి, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో తేదీతో సహా రాద్దాం. పెద్ద తరగతుల పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకుందాం. పాతది ఎలా వెతకాలో, విన్నదాన్ని ఎలా సరిచూసుకోవాలో వాళ్ళూ నేర్చుకుంటారు.

తొంభై నాలుగేళ్ళు బతికిన ఆ వకీలు గారికి అంతకన్నా మంచి నివాళి నాకు తోచలేదు. మొదటి ఆదివారం నేను వస్తాను. మా ఇంటి ఫోటోలు తెస్తాను. మీరూ తీసుకురండి.