వచ్చే ఉత్తరం వేరు, పోయే ఉత్తరం వేరు
(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఇంటిపట్టున ఉండి పచ్చళ్ళో, పొడులో, చీరలో అమ్ముకుంటున్న ఇల్లాళ్ళు ఈనాడు చాలామందే ఉన్నారు. వ్యాపారం పేరు మీద ఒక ఇ-మెయిల్ చిరునామా కూడా పెట్టుకుంటున్నారు. మంచిదే. అయితే ఆ చిరునామా నుంచి మన ఉత్తరం నిజంగా బయటికి వెళుతున్నదా లేదా అన్నది ఎంతమంది చూసుకుంటున్నారు? ఈవేళ ఆ సంగతే చెప్పుకుందాం.

నెల్లూరు నుంచి సోమశిల డ్యాముకు వెళ్ళే దారిలో ఆత్మకూరు ఉంది. మా పెద్దమ్మ కూతురు అక్కడే ఉంటుంది. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు తెప్పించి పైఊళ్ళకు అమ్ముతుంది. నర్ది, బిక్కి వంటి కర్రతో చేసే ఈ సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చెక్కేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. ఆర్డరు వస్తేనే వాళ్ళ చేతికి పని.

హైదరాబాదు నుంచి ఒక దుకాణంవారు ధరల పట్టిక పంపమని రాశారు. అక్క ఆ రాత్రే పంపింది. వారం గడిచింది, జవాబు లేదు. ఫోను చేస్తే, "మీ దగ్గర్నుంచి ఏమీ రాలేదమ్మా, వేరేచోట కొనేశాం" అన్నారు. చూస్తే ఉత్తరం ఔట్‌బాక్సులోనే కూర్చుని ఉంది!

"వచ్చేవి వస్తుండాయి గదే, పోయేవి ఎందుకు పోవడంలా?" అని అక్క నాకు ఫోను చేసింది. చాలామందికి వచ్చే సందేహమే ఇది.

మన ఇంటికి ఉత్తరం తెచ్చేది పోస్టుమాన్. మనం ఉత్తరం వేయాలంటే మాత్రం పోస్టుడబ్బా దగ్గరికి వెళ్ళాలి. రెండూ వేరువేరు పనులు. ఇ-మెయిల్‌లోనూ అంతే. వచ్చేవాటికి ఒక సర్వరు, పోయేవాటికి ఒక సర్వరు. పంపే పద్ధతి పేరు ఎస్.ఎమ్.టి.పి. 1982లో రాసిపెట్టిన కట్టుబాటు అది. మార్పులతో ఇప్పటికీ అదే నడుస్తున్నది. కాబట్టి ఉత్తరాలు వస్తున్నంత మాత్రాన పోతున్నాయని నమ్మకండి.

ఫోనులో గాని, కంప్యూటరులో గాని మెయిల్ సెట్టింగుల్లోకి వెళితే "అవుట్‌గోయింగ్ సర్వర్" అని ఉంటుంది. అక్కడ అయిదు సంగతులు చూసుకోవాలి.

మొదటిది సర్వరు పేరు. ఇది అందరికీ ఒకటి కాదు. మీకు మెయిల్ ఇచ్చిన కంపెనీవారు చెప్పిన పేరునే, అక్షరం పొల్లుపోకుండా వేయాలి.

రెండోది పోర్టు నంబరు, అంటే ఏ తలుపున వెళ్ళాలన్నది. పూర్వం 25 వాడేవారు. చెత్త ఉత్తరాల బెడద వల్ల చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్ళకు ఆ తలుపు మూసేశాయి. మామూలుగా ఇప్పుడు వేయవలసింది 587 లేదా 465.

మూడోది భద్రత. 587 వేస్తే స్టార్ట్ టి.ఎల్.ఎస్., 465 వేస్తే ఎస్.ఎస్.ఎల్. లేదా టి.ఎల్.ఎస్. అని ఎంచుకోవాలి. ఒకదాని జోడు మరోదానికి తగిలిస్తే బండి కదలదు.

నాలుగోది యూజర్ పేరు. సాధారణంగా ముందు ముక్క ఒక్కటే చాలదు, చిరునామా మొత్తం రాయాలి. "సర్వరుకు ధ్రువీకరణ అవసరం" అన్న గడిలో టిక్కు పెట్టడం మరవకండి.

అయిదోది పాస్‌వర్డు. రెండంచెల తనిఖీ పెట్టుకున్నవారికి కొన్నిచోట్ల మామూలు పాస్‌వర్డు పనిచేయదు. జీమెయిల్‌వారైతే యాప్ పాస్‌వర్డు అని 16 అక్షరాలది విడిగా ఇస్తారు.

అక్క ఫోనులో చూస్తే పోర్టు 25 అని ఉంది. 587 వేయించాను. ఈసారి సర్వరు పలికింది గాని, ఎవరు నువ్వు అని అడిగినట్టు వెనక్కి కొట్టింది. చూస్తే ధ్రువీకరణ గడి ఖాళీ. టిక్కు పెట్టగానే ఉత్తరం వెళ్ళిపోయింది. తీరా అది నా స్పామ్ పెట్టెలో పడింది! సొంత డొమైన్ పేరు ఉన్నవారికి ఇదొక మెలిక. "మా పేరున ఉత్తరాలు ఫలానా సర్వరు నుంచే వస్తాయి" అని డొమైన్ రికార్డులో రాసి ఉంచాలి. దాన్ని ఎస్.పి.ఎఫ్. అంటారు. ఉత్తరం మీద ముద్రలాంటిది డి.కె.ఐ.ఎమ్. ఈ రెండూ పెట్టించమని డొమైన్ చూసేవారిని అడగండి.

ఒక హెచ్చరిక. సెట్టింగులు సరిచేస్తామని ఎవరైనా ఫోను చేసి పాస్‌వర్డో, ఓ.టి.పి.యో అడిగితే చెప్పకండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

ఆ దుకాణం ఆర్డరు తిరిగి రాలేదు. ఉదయగిరిలో గరిటెలు చెక్కే ఆడవాళ్ళకు ఆ పని పోయినట్టే. అక్కకు ఇప్పటికీ అదే బాధ. ఇప్పుడు ధరల పట్టిక పంపితే మర్నాడే ఫోను చేసి, "అందిందా అండీ?" అని అడుగుతుంది. సెట్టింగులు మార్చినప్పుడల్లా ముందు నాకొక ఉత్తరం వేసి చూసుకుంటుంది.

మీరూ ఈ సాయంత్రం ఒకసారి ఔట్‌బాక్సు తెరిచి చూడండి. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయినట్టు, అందులో ఏ ఉత్తరం మిగిలిపోయిందో!