తట్ట మోసిన చేతికి తాపీ ఎప్పుడు?

(సేవాలాల్ మహారాజ్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

‘పట్నంలో మన యువతకు ఉపాధి’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. నేను ప్రొఫెసర్‌ని కాదు, ఆఫీసర్‌ని కాదు. ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్‌ని. హైదరాబాద్‌లో చిన్నచిన్న వైరింగ్ కాంట్రాక్టులు చేసుకుంటున్నాను. నాకు తెలిసిన పని సంగతే చెప్తాను. ఎక్కువసేపు తీసుకోను, అవతల వంటలు చల్లారిపోతాయి.

మాది అచ్చంపేట దగ్గర తండా. నేను పుట్టినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. జిల్లా మారింది గానీ మన నెత్తిన పడ్డ పాత పేరు పోలేదు. పాలమూరు లేబర్! ఆనకట్ట గానీ కాలువ గానీ ఎక్కడ మొదలైనా గుంపు మేస్త్రీ మన దిక్కే వచ్చేవాడు. ముందు అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, తర్వాత లారీ పంపేవాడు.

మనం మొదటి నుంచీ కూలికి పోయినవాళ్లం కాదని ఇక్కడున్న పిల్లలకు తెలియాలి. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని లదేణి చేసిన జాతి మనది. దక్కనులో ఫౌజులకు తిండిగింజలు మోసింది మనమే. రైలు వచ్చింది, రోడ్లు వచ్చాయి, ఆ పని పోయింది. పైగా 1871 చట్టంతో దొంగల జాతులని ముద్ర వేయడం మొదలుపెట్టారు, అందులో మనల్నీ కలిపారు. చేతిలో విద్య ఉండీ దానికి గిరాకీ పోతే మనిషి ఎట్లా కిందికి జారుతాడో మనకంటే ఎవరికి తెలుసు?

మా బాపు తీసుకున్న అడ్వాన్సు సంగతి చెప్తాను. నాకప్పుడు ఏడేళ్లు. దసరా తర్వాత పోయి ఉగాదికి తిరిగొచ్చేవాళ్లు. మేస్త్రీ దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. అందులో ఏం రాశాడో మాకు చదవరాదు. ఆర్నెల్ల పని తర్వాత కూడా లెక్క ‘ఇంకా బాకీ ఉంది’ అనే తేలేది. నన్ను మాత్రం ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వేసి పోయారు. ఇవాళ నేను ఇక్కడ నిలబడ్డానంటే ఆ ఒక్క నిర్ణయం వల్లనే.

ఇప్పుడు యాడి సంగతి. తర్వాత్తర్వాత వాళ్లు పట్నానికే వచ్చి అపార్ట్‌మెంట్ల పనికి కుదిరారు. యాడి మాలు కలిపేది, తట్ట మోసేది. గుప్పెట్లోకి మాలు తీసుకొని పిసికి, నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పేది. తాపీ మేస్త్రీ కూడా ఆమెనే అడిగేవాడు. ముప్పై ఏళ్లు చేసింది. మొదటి రోజు ఆడకూలీ, చివరి రోజూ ఆడకూలీ. మగ హెల్పర్ రెండు మూడేళ్లకు తాపీ పడతాడు, మేస్త్రీ అవుతాడు. ఆడమనిషి చేతికి తాపీ ఇవ్వరు. ఎందుకివ్వరని ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పట్నం పోవడం తప్పు కాదు. మూడు తరాలుగా పోతున్నాం, మూడు తరాలూ ఒకే మెట్టు మీద నిలబడ్డాం. అక్కడే నష్టం. ఊళ్లో పని కోసం 2006లో ఉపాధి హామీ వచ్చింది, తర్వాత కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి. కొంత వలస తగ్గింది. అయినా తెల్లారి ఏ లేబర్ అడ్డా మీదికి పోయినా మన గోర్ మాట వినిపిస్తూనే ఉంది.

మా చిన్నాన్న కొడుకు ఇరవై ఏళ్లు సలాక కట్టాడు. డ్రాయింగ్ చూసి ఎన్ని రాడ్లు, ఎంత వంపు అనేది ఇంజనీరు కంటే ముందే చెప్తాడు. కానీ చేతిలో కాగితం లేదు. 2015లో మొదలైన కౌశల్ వికాస్ పథకంలో, వచ్చిన పనికే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. పట్టుబట్టి రాయించాను. కాగితం రాగానే కూలి పెరిగిందని అబద్ధం చెప్పను. అడ్డా మీద దాన్ని ఎవడూ చూడడు. పెద్ద సైటులో మాత్రం చూశారు. ఇప్పుడు ఎనిమిది మందిని నడిపిస్తున్నాడు. కొన్ని శిక్షణ కేంద్రాలు ఫొటోలు దిగి పంపించేస్తాయి, అదీ చూశాను. చేరే ముందు పని నేర్చినవాణ్ని అడగండి. హైటెక్ సిటీ దగ్గర 1998లో పెట్టిన న్యాక్ ఉంది, తాపీ, ప్లంబింగ్, కరెంటు పని నేర్పుతారు. మన పిల్లలకు ఆ గేటు ఎక్కడుందో తెలియదు. ఆ దిక్కు బిల్డింగులకు ఇసుక మోసింది మాత్రం మనమే.

తమ్ముళ్లతో ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. 2022లో మన రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం అయింది. మంచిదే, రాయండి. కానీ అశోక్‌నగర్ గదుల్లో ముప్పై దాటేదాకా నోటిఫికేషన్ కోసమే కూర్చోవద్దు. ఒక చేతిపని పక్కన పెట్టుకొని రాయండి.

బంజారాహిల్స్‌లో 2022 సెప్టెంబరు 17న బంజారా భవన్ ప్రారంభించారు. ఆ గుట్టలకు పేరు మనది. ఆ పేరు చెప్పుకొని మురవడం చాలు, ఆ భవన్‌లో ఆదివారం పూట మన ఆడపిల్లలకు టైల్స్ పని, వైరింగ్ పని పరిచయం చేసే క్లాసు పెట్టించమని అడుగుదాం. వైరింగ్ నేను చెప్తాను, ఫీజు లేదు. టైల్స్ తెలిసినవాళ్లు ఈ సభలోనే పది మంది ఉంటారు, చేతులెత్తండి.

ఇంకొకటి. 1996 చట్టం వచ్చినప్పటి నుంచి భవన నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు మన కార్మికుల పేరున వసూలవుతోంది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు లేబర్ కార్డుకు అర్హులు. ఆడవాళ్లకు విడిగా వాళ్ల పేరు మీదే కార్డు వస్తుంది, మొగుడి కార్డు చాలని ఊరుకోవద్దు. వెనక వరుస దగ్గర టేబుల్ వేశాం. ఆధార్, బ్యాంకు పుస్తకం, ఫొటోలు తెచ్చుకున్నవాళ్లు భోజనం కంటే ముందు అటు రండి. తెచ్చుకోనివాళ్లు ఫోన్ నంబరు రాసి పోండి. మొదటి ఫారం మా యాడి పేరున నింపుదామనుకున్నాను, కానీ ఆమెకు పోయిన ఏడే అరవై దాటాయి.