‘సర్వర్ డౌన్’ అంటే ఎక్కడ డౌన్?

(రాత్రిబడి టీచర్లు, గ్రామ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రేషన్ షాపు ముందు పొద్దుటి నుంచీ నిలబడ్డ మన అమ్మలకు చివరికి దొరికే జవాబు వొకటే. ‘సర్వర్ డౌన్, రేపు రా’. రేపు రావడమంటే వొక రోజు కూలి పోవడం. యిదివరకు కరణం దస్త్రం మూసేసి ‘నీ పేరు లేదు పో’ అంటే మన తాతలు తిరిగొచ్చేవాళ్లు. అందులో ఏముందో చదవడం రాదు గనక. యిప్పుడు దస్త్రం యంత్రంలోకి పోయింది. బియే, బియ్యెడ్‌లు చదివిన మేం కూడా ఆ యంత్రం ముందు వేలిముద్రగాళ్లమే అయితే ఎట్లా? అందుకని యీ పూట రాజకీయం పక్కనబెట్టి (నిజంగా పక్కనబెట్టామని మీరనుకోరులెండి) కంప్యూటర్లు వొకదానితో వొకటి ఎట్లా మాట్లాడుకుంటాయో చెప్పుకుందాం.

పాత టెలిఫోన్‌లో యిద్దరు మాట్లాడుతున్నంతసేపూ ఆ దారి ఆ యిద్దరిదే. మధ్యలో తీగ తెగితే మాట ఆగినట్టే. 1960లలో అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డోనాల్డ్ డేవిస్ ఎవరికి వారే యింకో ఉపాయం ఆలోచించారు. కబురును ముక్కలు చేసి పంపుదాం, ఏ ముక్క ఏ దారిన పోయినా సరే, అవతల చేరాక కలుపుకోవచ్చు అని. ఆ ముక్కకు ‘ప్యాకెట్’ అని పేరు పెట్టింది డేవిస్. 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలో వొక కంప్యూటర్ నుంచి యింకో దానికి ‘లాగిన్’ అనే మాట పంపబోయారు. మొదటి రెండక్షరాలు చేరేసరికి అవతలి యంత్రం కూలబడింది. చూశారా, పుట్టిన రోజునే సర్వర్ డౌన్! అయితే వాళ్లు ‘రేపు రా’ అనలేదు, సుమారు గంటలో సరిచేసుకున్నారు.

రాత్రిబడిలో పిల్లలతో వొక ఆట ఆడించండి. మీ వాడ నీళ్ల సమస్య మీద కలెక్టరుకు వొక అర్జీ రాయించండి. దాన్ని పది ముక్కలుగా కత్తిరించండి. ప్రతి ముక్క మీదా మూడు సంగతులు వుండాలి: ఎవరి నుంచి, ఎవరికి, ఎన్నో నంబరు ముక్క. పిల్లల్ని గదంతా నిలబెట్టి చేతికి చేయి అందించమనండి. మధ్యలో వున్న పిల్లలే రూటర్లు. రూటర్‌కు వూరంతా తెలియాల్సిన పనిలేదు. చిరునామా చూసి, ఆ దిక్కుకు పోవాలంటే పక్కన ఎవరికివ్వాలో తెలిస్తే చాలు. వొక పిల్లాడు పక్కకు పోతే ముక్క యింకోవైపు నుంచి తిరిగొస్తుంది.

యిప్పుడు మీరే వొక ముక్క దాచేయండి. చివర వున్న అమ్మాయి ‘ఆరు దాకా అందినయ్, ఏడు పంపు’ అని కబురు పంపాలి. అందిందన్న కబురు వచ్చేదాకా పంపినవాడు తన నకలు పారేయకూడదు. కొంతసేపు చూసి జవాబు రాకపోతే మళ్లీ పంపాలి. అర్జీ యిచ్చి రసీదు తీసుకోకుండా రావొద్దని మనం చెప్పేది యిదేగదా! యీ కట్టుబాట్లనే ప్రోటోకాల్ అంటారు. దారి చూసేది ఐపీ, రసీదు చూసేది టీసీపీ. ఆనాటి అమెరికా నెట్‌వర్కు 1983 జనవరి 1 నుంచి యీ రెంటికీ మారింది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న.

వొక్కో ముక్క మామూలుగా 1500 బైట్లకు మించదు. తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి. యింగ్లీషు అక్షరానికి వొక్కటే. మన భాషకు యిక్కడా మూడింతల కిరాయి! రెండు ఎంబీల ఫొటో అయితే దాదాపు 1400 ముక్కలవుతుంది. వుపాధి పనుల్లో 2023 జనవరి 1 నుంచి ఫొటో హాజరు తప్పనిసరి చేసినప్పుడు, సిగ్నల్ లేని చెరువు గట్టు మీద ఆ ఫొటోలు ఎందుకు కదల్లేదో యిప్పుడు మీకే అర్థమవుతుంది. ముక్క పోతుంది, రసీదు రాదు, మళ్లీ పోతుంది.

యిక రేషన్ యంత్రం సంగతి. వేలు పెట్టగానే యంత్రంలోని సిమ్ నుంచి టవరుకు, అక్కణ్ణుంచి రూటర్ల మీదుగా రేషన్ సర్వరుకు, అది ఆధార్ సర్వరును అడిగితే ‘అవును’ అనో ‘కాదు’ అనో జవాబు అదే తీరున వెనక్కి రావాలి. ఎక్కడైనా ఆగొచ్చు. కానీ ‘వేలిముద్ర కలవలేదు’ అని యంత్రం చెప్పిందంటే నెట్ పనిచేసినట్టే. కబురు పోయింది, జవాబు వచ్చింది. అరిగిపోయింది మన అమ్మ వేలు. కలుపు తీసీ, రాళ్లు మోసీ అరిగింది. దానికి సర్వర్ డౌన్ అని పేరు పెడితే వూరుకోవద్దు. వేలిముద్ర పడలేదనో, నెట్ లేదనో అర్హులకు బియ్యం ఆపొద్దని 2017 అక్టోబరులో కేంద్ర ఆహార శాఖే రాష్ట్రాలకు రాసింది.

టవరు నిలబడే వుంటుంది, ఫోను చేతిలోనే వుంటుంది, అయినా కబురు పోదు. అదీ వొక రకం. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టినప్పుడు అక్కడ ఇంటర్నెట్ ఆపేశారు. అది చెడిపోవడం కాదు, ప్రభుత్వం ఆర్డరిస్తే కంపెనీలు ముక్కలు ముందుకు పోనివ్వకపోవడం. రూటర్ కులం అడగదని కొందరు మిత్రులు మురిసిపోతున్నారు. నిజమే, అడగదు. రూటర్ ఎవరిదో మాత్రం మనం అడగాలి.

వచ్చే నెల పంపిణీకి ముందే వాడకో నోటుబుక్కు పెట్టండి. తేదీ, టైము, యంత్రం మీద కనబడ్డ మాట అక్షరం పొల్లుపోకుండా రాయండి. అదే టైములో పక్కనున్న ఫోనులో నెట్ వస్తోందా లేదా, అదీ రాయండి. ‘రేపు రా’ అన్నది ఎవరో కూడా రాయండి. మళ్లీ కలిసినప్పుడు ఆ పుస్తకాలన్నీ తెండి, ముందేసుకుని చదువుదాం.