తెర మీద చివరి మాట ఎవరిది?

(అనంతపురంలో మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మనం పెట్టుకునే సభల్లో భూమి, కూలి, ఆస్తి, ఇంటిలోపలి హింస చర్చకు వస్తాయి. బ్రౌజరు అనే మాట రాదు. అది కంప్యూటరు తెలిసినవాళ్ళ వ్యవహారమని వదిలేస్తాం. కానీ ఈ విషయాలన్నిటికీ సంబంధించిన కాగితాలు ఒక్కొక్కటే తెర మీదికి వెళ్ళిపోయాయి. మన అడంగలు, 1బి 2015 నుంచి మీభూమి వెబ్‌సైట్లో వుంటున్నాయి. పిల్లల స్కాలర్‌షిప్పు, పరీక్షా ఫలితం, ఫిర్యాదు, దరఖాస్తు అన్నీ అక్కడే. ఆ సమాచారానికీ మనకూ మధ్యనున్న కిటికీ బ్రౌజరు. ఆ కిటికీ ఎంత ఎత్తులో వుండాలి, దాని గడియ లోపల వుండాలా బయట వుండాలా అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కూడా నిలకడగా పడని జిల్లా మనది. వేరుశనగ ఎండిపోయినప్పుడల్లా మన కుటుంబాలు ప్రభుత్వ జాబితాల వైపు చూస్తాయి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించారు. ఆ పథకం మస్టరు రోళ్ళను వెబ్‌సైట్లో పెట్టడం పెద్ద మార్పు. ఎవరి పేరు మీద ఎన్ని పనిదినాలు రాశారో, ఎంత డబ్బు చెల్లించామని చూపారో ఎవరైనా చూడొచ్చన్నారు. సామాజిక తనిఖీలకు ఆ లెక్కలే పునాది అయ్యాయి. అయితే, 'ఎవరైనా' అనే మాటను సామాజిక శాస్త్రం ఎప్పుడూ అనుమానంగానే చూస్తుంది. ఆ 'ఎవరైనా'లో మనం వున్నామా అని అడగాలి.

2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తాను సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను వుందన్న స్త్రీలు 48.9 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. కానీ ఫోను ఇంట్లోకి రావడం వేరు, అది స్త్రీ చేతికి రావడం వేరు, చేతికొచ్చిన ఫోను ఆమె కంటికీ భాషకూ అవసరానికీ తగినట్టు వుండటం వేరు. మొదటి రెండింటి గురించి కొంతైనా మాట్లాడుతున్నాం. మూడోదాన్ని అసలు పట్టించుకోలేదు.

కొత్త ఫోను తెరిచిన మొదటి రోజు దానిలో అక్షరం ఎంత వుండాలో, ఏ భాష కనిపించాలో, ఏదైనా వెతికితే ఎవరి యంత్రం వెతకాలో, మనం చూసినవాటి జాడ ఎక్కడ నిలవుండాలో ముందే పెట్టి వుంటుంది. దీన్ని డిఫాల్టు అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ఆనవాయితీ. ఆనవాయితీ గురించి స్త్రీలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అది ఎవరో పెట్టినదే అయినా, ఎవరూ పెట్టనట్టు, ప్రకృతి సహజమైనట్టు కనిపిస్తుంది. ఫోనులోని ఆనవాయితీ కూడా ఒక మనిషిని వూహించుకుని పెట్టిందే. ఆ మనిషికి కళ్ళు బాగా కనిపిస్తాయి, ఇంగ్లీషు వచ్చు, ఫోను తన ఒక్కడిదే, దాన్ని ఇంకెవరూ తీసి చూడరు. నలభై దాటి చత్వారం వచ్చిన, తెలుగు మాత్రమే చదవగలిగిన, ఫోనును భర్తతోనూ కొడుకుతోనూ పంచుకునే స్త్రీ ఆ వూహలో లేదు.

ఈ ఆనవాయితీల్లో ఎంత డబ్బు వుందో కూడా తెలుసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్ల వ్యవహారంలో తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్ మీద 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోనును మొదటిసారి తెరిచేటప్పుడే వెతికే యంత్రాన్ని ఎంచుకునే అవకాశం వినియోగదారులకు ఇవ్వాలన్నది కూడా ఆ వుత్తర్వులో వుంది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను కొట్టేసినా ఆ జరిమానాను సమర్థించింది. మనం మార్చకుండా వదిలేసే ఒక్క అమరిక కోసం ఇంత పోరాటం జరుగుతోందంటే, దాన్ని మార్చే శక్తి మనకున్నదని కంపెనీలకు తెలుసన్నమాట. తెలియనిది మనకే.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. 1994 అక్టోబరులో హోకోన్ వియుమ్ లీ అనే నార్వే దేశస్థుడు వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించడానికి ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. ఇప్పుడు సి.ఎస్.ఎస్. అంటున్నది అదే. అక్షరం పరిమాణం, రంగు, వరుసల మధ్య ఖాళీ ఇవన్నీ దాంతోనే రాస్తారు. పేజీ తయారుచేసినవారికి ఒక ఇష్టం వుంటుంది, చదివేవారికి ఒక అవసరం వుంటుంది, ఈ రెండింటినీ కలపాలన్నది ఆ ప్రతిపాదనలోని ముఖ్యమైన ఆలోచన. మరి ఇద్దరికీ తగాదా వస్తే చివరి మాట ఎవరిది? ఇద్దరూ తమ నియమం ముఖ్యమని గుర్తుపెట్టినప్పుడు, 1996లో వచ్చిన మొదటి ప్రమాణం ప్రకారం తయారుచేసినవారి మాటే నెగ్గేది. 1998లో వచ్చిన రెండో ప్రమాణం ఈ వరుసను తిరగేసింది. చదివేవారు తప్పనిసరి అన్న చోట చదివేవారి మాటే చెల్లాలని రాసింది. చూపు తక్కువైనవారు, పెద్ద అక్షరమో ప్రత్యేకమైన రంగో కావలసినవారు వున్నారన్నదే దానికి కారణం. ఇంజనీర్లు రాసుకున్న నియమాల్లో ఇంత స్పష్టమైన హక్కుల వాక్యం వుంటుందని మనం వూహించం.

అయితే కాగితం మీద వున్న హక్కు వాడకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. చదివేవారు తమ సొంత నియమాలు రాసుకుని పెట్టుకునే సౌకర్యాన్ని 2014లో క్రోమ్ తీసేసింది. ఫైర్‌ఫాక్స్ 2019లో దాన్ని మామూలుగా పనిచేయకుండా చేసి, లోతైన అమరికల్లోకి నెట్టింది. ఎక్కువమంది వాడటం లేదు, దానికోసం వెతకడం వల్ల బ్రౌజరు తెరుచుకోవడం ఆలస్యమవుతోందన్నది వాళ్ళు చెప్పిన కారణం. వాడనిదాన్ని అనవసరమైనదిగా లెక్కగట్టడం మనకు కొత్త తర్కం కాదు. గ్రామసభకు ఆడవాళ్ళు రారు కాబట్టి వాళ్ళకు ఆసక్తి లేదనేదీ ఇదే తర్కం.

తెలుగు చదివేవాళ్ళం ఈ సమస్యను ఇంకో రూపంలో కూడా అనుభవించాం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ చాలా ఏళ్ళపాటు మన పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు వాడుకున్నాయి. ఆ ఫాంటు లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపించేవి. ఆ రోజుల్లో వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ కోసం 'పద్మ' అనే అనుబంధాన్ని తయారుచేశారు. దాన్ని బ్రౌజరులో చేర్చుకుంటే పత్రికల సొంత ఫాంట్లలోని పాఠం యూనికోడ్‌లోకి మారి కనిపించేది. తిరుమల కృష్ణ దేశికాచార్య పోతన, వేమన ఫాంట్లను రూపొందించి అందరికీ ఇచ్చారు. బ్రౌజరు మాటల్ని తెలుగు చేసిన స్వచ్ఛంద కార్యకర్తలున్నారు. పేజీ పెట్టినవాడు ఇచ్చినదాంతో సర్దుకోకుండా, చదివేవాళ్ళ వైపు నుంచి మార్పు తెచ్చిన పని ఇది. మన భాషలో ఇలాంటి సంప్రదాయం ఒకటి వుందని మరిచిపోకూడదు.

ఇప్పుడు ఆచరణలోకి వద్దాం. మూడు సంగతులు చెబుతాను.

మొదటిది అక్షరం. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు వుంటాయి. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే పరిమాణం దీనికి చాలదు. ద కీ ధ కీ తేడా ఒక చిన్న గీత. ప కీ వ కీ తేడా తలకట్టు విడిగా వుందా అతుక్కుని వుందా అన్నది. జాబితాలో మన పేరు సరిగ్గా వుందో లేదో, మొత్తంలో వున్నది 3 అంకెనో 8 అంకెనో తేల్చుకోవాలంటే అక్షరం పెద్దదిగా వుండాలి. ఫోనులో క్రోమ్ తెరిచి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అన్న చోటికి వెళ్ళండి. అక్కడ పేజీని పెద్దది చేసే అమరిక వుంటుంది. దాంతోపాటు, వెబ్‌సైటు వద్దన్నా సరే పెద్దది చేసి చూసే వీలు కల్పించే మీట ఒకటి వుంటుంది. దాన్ని వేసి వుంచండి. వద్దన్నా సరే అన్న ఆ మాట గుర్తుపెట్టుకోండి. కంప్యూటరు మీదైతే కంట్రోల్ మీటతో ప్లస్ గుర్తు నొక్కితే చాలు. ఫైర్‌ఫాక్స్‌లో తెలుగుకు విడిగా ఫాంటునూ, ఇంతకంటే చిన్న అక్షరం వద్దనే హద్దునూ పెట్టుకోవచ్చు. ఇక నల్లటి తెర కొందరి కళ్ళకు రాత్రిపూట సుఖంగా వుంటుంది. మన ఎండలో, పొలం గట్టు మీద అదే తెరలో ఏమీ కనపడదు. వేళకు తగ్గట్టు మార్చుకోవాలి.

రెండోది భాష. సెట్టింగ్స్‌లో భాషల జాబితాలో తెలుగును అన్నిటికన్నా పైన పెట్టండి. ఏ భాష కావాలో బ్రౌజరు ప్రతి వెబ్‌సైటుకూ తనంతట తానే చెబుతుంది. తెలుగు పేజీ వున్న సైటు దాన్ని చూపించగలుగుతుంది. లేని సైటుకు కూడా తెలుగు అడిగేవాళ్ళున్నారన్న కబురు వెళుతుంది.

మూడోది జాడ. ఇది అన్నిటికన్నా సున్నితమైన విషయం. గర్భస్రావం గురించో, గృహహింస చట్టం గురించో వెతికిన స్త్రీకి ఆ వెతికిన మాటలే ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. ఇన్‌కాగ్నిటో అనే రహస్య కిటికీలో చూస్తే ఆ ఫోను చరిత్రలో జాడ వుండదు. కానీ దించుకున్న ఫైలు మిగులుతుంది, నెట్‌వర్క్ ఇచ్చే కంపెనీకి జాడ తెలుస్తుంది. బ్రౌజరులో వున్న ఖాతా ఎవరిదో తప్పక చూడండి. అది భర్త ఖాతా అయితే, మీరు మామూలు కిటికీలో చూసినవి ఆయన వేరే ఫోనులోనూ కనిపించవచ్చు. చరిత్ర మొత్తం ఖాళీ చేయడం కొన్ని ఇళ్ళలో కొత్త అనుమానానికి దారి తీస్తుంది. అలాంటప్పుడు అవసరమైన ఒకటి రెండు వరుసలే తీసేయడం మేలు. అయినా అవి ఖాతా దగ్గర నిలవుండవచ్చు. నిజంగా ప్రమాదం వున్న స్త్రీ ఆ ఫోనునే నమ్ముకోకుండా, తనకు నమ్మకమైన మరో మనిషి ఫోను నుంచి 181కి మాట్లాడటం మంచిది. మోసం, ఫొటోలతో బెదిరింపు లాంటి సైబర్ నేరాలకు 1930 వుంది. సలహా ఇచ్చే కార్యకర్తలు ఈ తేడాలు తెలుసుకోకుండా, అన్నీ చెరిపెయ్యమ్మా అని చెప్పి పంపకూడదు.

ఈ మూడూ మీట నొక్కితే అయిపోయే పనులే. అయితే హక్కును మీట దగ్గరే ఆపితే భారమంతా మళ్ళీ స్త్రీ మీదే పడుతుంది. అందుకే చట్టం సంగతి కూడా చెప్పాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. ఇంట్లో భార్యకు గోప్యత ఏమిటనేవాళ్ళకు ఈ తీర్పు వినిపించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి అడిగే నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో కూడా చూసుకునే వీలు కల్పించాలంటోంది. అందులో తెలుగు వుంది. ఇంకో విశేషం ఏమిటంటే, ఆ చట్టం ఇంగ్లీషు పాఠంలో పౌరుల్ని పుంలింగంలో కాక స్త్రీలింగ సర్వనామంతో పిలిచారు, అందులో అందరూ వస్తారని నిర్వచించారు. సర్వనామం మారినంత మాత్రాన జీవితం మారదు. కానీ ఆ 'ఆమె'కు అర్థమయ్యే భాషలో, కనిపించే అక్షరంలో నోటీసు వుందా అని అడిగే ఆధారం దొరికింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోగలగడం జీవించే హక్కులో భాగమన్నది. ఆ తీర్పుకు దారితీసిన కేసు వేసినవారిలో ఆసిడ్ దాడికి గురైన స్త్రీలున్నారు. బ్యాంకు గుర్తింపు కోసం కెమెరా ముందు కళ్ళు ఆర్పమంటే వాళ్ళు ఆర్పలేకపోయారు. యంత్రం వూహించుకున్న మనిషిలో వాళ్ళు లేరు. ఇందాక నేను చెప్పిన ఆనవాయితీ ఎంత క్రూరంగా వుండగలదో చెప్పడానికి ఈ ఒక్క కేసు చాలు.

మనం చేయగలిగిన పనులు చెప్పి ముగిస్తాను. ప్రతి సంఘ సమావేశంలో ఒక గంట కేటాయించి, ఎవరి ఫోను వాళ్ళ చేతనే తెరిపించి, అక్షరం, భాష, ఖాతా ఈ మూడూ చూసుకోవాలి. మనం చేసి ఇవ్వకూడదు, వాళ్ళ వేలే నొక్కాలి. జాబితాలను చదవలేని బొమ్మలుగా కాకుండా, పెద్దది చేసుకునే, వెతుక్కునే, చదివి వినిపించే యంత్రానికి అందే తెలుగు అక్షరాల్లో పెట్టమని కార్యాలయాలకు అర్జీలు ఇవ్వాలి. ఫోను లేని స్త్రీల కోసం కాగితం జాబితా కూడా గోడమీద వుండాలని పట్టుబట్టాలి.

1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు దూబగుంటలో సారాకు ఎదురు తిరిగారు. ఆ వుద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అక్షరం చేతికి వచ్చాక దాన్ని ఏం చేయాలో ఆ స్త్రీలే నిర్ణయించుకున్నారు. ఈనాడు అక్షరం తెర మీద వుంది. దాన్ని తన కంటికి తగినంత పెద్దది చేసుకున్న స్త్రీ, తన పేరు పక్కన రాసిన అంకె ఎంతో ఇంకొకరిని అడగనక్కర్లేదు. ఆ అంకె తప్పని తేలితే ఏం చేయాలో మన సంఘాలకు ముందే తెలుసు.